కొవ్వొత్తి కథ చెప్పిన కమ్మరి కొడుకు

లండను నగరమున ఆల్బెమార్ల్ వీధిలో రాయల్ ఇన్‌స్టిట్యూషన్ అను విజ్ఞానసంస్థ కలదు. 1799లో నెలకొల్పబడిన ఆ సంస్థకు అర్ధచంద్రాకారమున మెట్లుమెట్లుగా ఆసనములమర్చిన ఉపన్యాసశాల యొకటి యున్నది. 1860వ సంవత్సరపు క్రిస్మస్ సెలవులలో ఒక మధ్యాహ్నము ఆ శాలనిండ పిల్లలు కూర్చుండిరి. వారి యెదుట బల్లవెనుక తలనెరసిన వృద్ధుడొకడు నిలిచి, బల్లమీది కొవ్వొత్తులను చూపి, వాని కథ చెప్ప నారంభించెను. కొవ్వొత్తి ఆ పిల్లలలో ఎవరికిని క్రొత్తవస్తువు కాదు. ప్రతిరాత్రియు ఇంట దానిని వెలిగించుటయు ఆర్పుటయు వారెరిగినదే. అట్టి వస్తువును గూర్చి ఆరు ఉపన్యాసములు చెప్పదలచుట సాహసమని ఇంకొకని విషయమున అనుకొనవలసినదే. కాని ఆ వృద్ధుడు చెప్పినపుడు పిల్లలు కదలలేదు, వారివెంట వచ్చిన పెద్దలును కదలలేదు.

ఆయన మైకేల్ ఫారడే. అయస్కాంతము సహాయమున విద్యుత్తును పుట్టించు మార్గమును లోకమునకు చూపినవాడు. ఈనాడు మన ఊళ్లలో దీపములు వెలుగుటకును, పొలములలో మోటార్లు తిరుగుటకును ఆయన కనిపెట్టిన సూత్రమే ఆధారము. ఆ పరిశోధనల చరిత్రను పాఠ్యపుస్తకములలో చదువనివారుండరు. నేనిక్కడ చెప్పదలచినది వేరొకటి. తనకు తెలిసినదానిని ఎదుటివారి మనస్సున కెక్కించు విద్యలో ఫారడే తన కాలమున మేటి యనిపించుకొనెను. ఆ విద్య ఆయనకు పుట్టుకతో రాలేదు. దానికై ఆయన పడిన పాటు ప్రయోగశాలలో పడిన పాటునకు తీసిపోదు.

ఫారడే 1791 సెప్టెంబరు 22వ తేదీన లండనుకు దక్షిణమున న్యూయింగ్టన్ అనుచోట జన్మించెను. తండ్రి జేమ్సు కమ్మరి. కొలిమిపని గట్టి శరీరము గలవానికే సాగును. జేమ్సుకు తరచు జబ్బు. 1801లో ధరలు మండిపోయిన రోజులలో తొమ్మిదేండ్ల మైకేలునకు వారమునకొక రొట్టె చేతికిచ్చి, దానితోనే వారమంతయు గడుపుకొమ్మని తల్లి చెప్పవలసివచ్చెను. చదువు చదువుట, వ్రాయుట, లెక్కించుటలతోనే ముగిసెను. ఆ కొద్దిచదువును గూర్చియు ఆయన జీవితచరిత్రలలో ఒక కథ చెప్పుదురు. ఆ పిల్లవానికి రేఫ పలుకదట. అన్న రాబర్టు పేరును సైతము సరిగా పిలువలేకపోయెడివాడట. బడిలోని పంతులమ్మ అది అల్లరియని తలచి, బెత్తము కొనితెమ్మని ఆ అన్నచేతికే కాసిచ్చి పంపగా, అతడు ఆ కాసును విసరివేసి తల్లితో చెప్పెనట. తల్లి ఇద్దరిని బడి మాన్పించెను. ఈ కథ నిజమే యైనచో, ఇంగ్లండులోకెల్ల పేరుపొందిన ఉపన్యాసకుని నోటికి తొలుత తగిలిన బహుమానము బెత్తపు బెదిరింపు.

1804లో జార్జి రీబో అను పుస్తకములవర్తకుని అంగడిలో ఆ బాలుడు పనికి కుదిరెను. పత్రికలను ఇండ్లకు తీసికొనిపోయి యిచ్చుట తొలి పని. మరుసటియేట పుస్తకములకు బైండు కట్టుటలో ఏడేండ్ల శిష్యరికము మొదలయ్యెను. బైండునకు వచ్చిన పుస్తకముల నతడు కుట్టుటయే కాక చదువుచుండెను. విజ్ఞానసర్వస్వములో విద్యుత్తును గూర్చిన వ్యాసము అట్లే అతని కంటబడెను. దానికంటె ఎక్కువగా మనస్సును పట్టినది జేన్ మార్సెట్ అను స్త్రీ రసాయనశాస్త్రమును గూర్చి 1806లో వెలువరించిన సంభాషణలు. ఒక గురువమ్మయు ఇద్దరు బాలికలును కూర్చుండి మాటలాడుకొనుటయే ఆ గ్రంథపు నడక. ఒక బాలిక తొందరపడి అడుగును, రెండవది నిదానించి అడుగును. గురువమ్మ చేసి చూపుచు బదులు చెప్పును. సిద్ధాంతములను వరుసగా అప్పగించు పుస్తకమైనచో బడిచదువు లేని ఆ కుర్రవానికి కొరుకుడుపడెడిది కాదు. ముగ్గురు మనుష్యుల మాటలవెంట పోవుచు అతడు తెలియకయే శాస్త్రములోనికి నడచెను. ఆమె ఋణమును ఫారడే జీవితాంతము తలచుకొనెను. తాను పెద్దవాడైన పిమ్మట తన పరిశోధనపత్రములను ఆమెకు పంపుచుండెను.

1810లో టాటమ్ అను నాయన తన యింట విజ్ఞానోపన్యాసము లిచ్చుచున్నాడని తెలిసెను. ఒక్కొక్క ఉపన్యాసమునకు రుసుము ఒక షిల్లింగు. ఆ షిల్లింగు ఇచ్చినవాడు కమ్మరిపనిలో నున్న అన్న రాబర్టు. ఆ యేడే తండ్రి మరణించెను. 1812 వసంతకాలమున రీబో అంగడికి వచ్చు డాన్స్ అను పెద్దమనిషి, కుర్రవాని శ్రద్ధ చూచి, రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో సర్ హంఫ్రీ డేవీ చెప్పుచున్న నాలుగు ఉపన్యాసములకు టిక్కెట్లిచ్చెను. డేవీ అప్పటికి ప్రసిద్ధుడు, రూపసి, మాటకారి. ఆయనను వినుటకు నగరపు గొప్పవారెల్ల వచ్చుచుండిరి. ఫారడే మీది వసారాలో గడియారమునకు పైభాగమున కూర్చుండి, ప్రతిమాటయు విని, ఇంటికి పోయి తీరికగా వ్రాసి, పటములు గీసి, తన చేతులతోనే బైండు కట్టెను.

ఆ పుస్తకమే అతని బ్రతుకును మార్చినది. శిష్యరికము ముగిసి, మనసులేని యజమానివద్ద బైండుపని చేయుచున్న ఆ యువకుడు 1812 చివర దానిని డేవీకి పంపి, శాస్త్రసేవలో ఏ చిన్నపని యైనను ఇప్పింపుమని వేడుకొనెను. డేవీ దయతో బదులు వ్రాసెను. కొద్దివారములకు ప్రయోగశాలలోని సహాయకుడొకడు కొట్లాట పెట్టుకొని పని పోగొట్టుకొనగా, 1813 మార్చి 1వ తేదీన ఆ స్థానము ఫారడేకు లభించెను. వారమునకు ఇరువదియైదు షిల్లింగుల జీతము, మేడమీద రెండు గదులు. ఒక ఉపన్యాసము వినుటకు చోటు దొరకుటచే మాత్రమే ఒక కమ్మరి కొడుకు ఆ మేడ యెక్కెను. ఈ సంగతిని అతడెన్నడును మరువలేదని తరువాతి నడవడి చెప్పుచున్నది.

పనిలో చేరి నాలుగు నెలలు కాకముందే అతడు చేసిన పని విచిత్రమైనది. 1813 జూన్ నెలలో తన మిత్రుడు బెంజమిన్ ఆబట్‌నకు వరుసగా జాబులు వ్రాసెను. ఆ జాబుల విషయము రసాయనశాస్త్రము కాదు. ఉపన్యాసము చెప్పుటెట్లు అనునది. వయస్సు ఇరువదియొకటి, వేదికయెక్కి ఒక్కమాట పలికిన అనుభవము లేదు, బల్లవెనుక నిలిచి సీసాలు అందించుట అతని యుద్యోగము. కాని అందించుచు నందించుచు ఉపన్యాసకుని చూచెను, వినువారి ముఖములను చూచెను. శాలలోనికి గాలి వచ్చు త్రోవ మొదలుకొని జనము లోనికి వచ్చిపోవు ద్వారములవరకు ఆ జాబులలో చర్చించెను. గంటసేపు మించినచో వినువాని మనస్సు నిలువదనెను. ఉపన్యాసకుడు సభకు వీపు త్రిప్పరాదు, బల్లకు అతుకుకొని పోరాదు, తొందరపడరాదు, తన లోపములకు మాటిమాటికి క్షమాపణ వేడరాదు, చప్పట్లకై చేయి చాచరాదు. చేసిచూపు ప్రయోగము చెప్పుమాటకు తగినదై యుండవలెను. వట్టి వేడుకకు కారాదు. వీనియన్నింటిలో నన్ను నిలిపివేసినది వేరొక భావము. ఉపన్యాసము మొదటనే సభవారి కుతూహలమను నిప్పును రగిలించి, ముగియువరకు అది తగ్గక వెలుగుచుండునట్లు కాచుకొనవలెనని అతడు వ్రాసెను. నలుబదియేడేండ్ల తరువాత పిల్లలయెదుట కొవ్వొత్తి వెలిగించి నిలిచిన ముదుసలి ఈ యువకుని మాటను నెరవేర్చుచున్నట్లు నాకు తోచును.

ఆ యేడు అక్టోబరు నుండి 1815 ఏప్రిల్ వరకు డేవీవెంట అతడు ఐరోపా తిరిగెను. డేవీభార్య అతనిని సేవకునివలె చూచెను. ఆ అవమానమును మ్రింగెను. ఫ్లారెన్సులో పెద్ద కటకముతో సూర్యకిరణములను ఒకచోట చేర్చి డేవీ వజ్రమును కాల్చుట దగ్గరనుండి చూచెను. వజ్రమును బొగ్గును ఒక్క జాతివే యను సంగతి కండ్లయెదుట తేలినది. ఇట్టి దృశ్యములు కథచెప్పువానికి ఊరకే పోవు.

తిరిగివచ్చిన పిమ్మట 1816 జనవరిలో, సామాన్యులు కొందరు చేరి నడుపుకొనుచున్న ఒక విజ్ఞానసభలో అతడు తన తొలి ఉపన్యాసము చెప్పెను. అప్పటి నుండి తన నోటిని తానే శిష్యునివలె దిద్దుకొనెను. 1818లో బెంజమిన్ స్మార్ట్ అను వాక్కళాచార్యుని తరగతులకు డబ్బిచ్చి పోయెను. స్వల్పజీతగానికి అది చిన్నఖర్చు కాదు. మాగ్రాత్ అను స్నేహితుని సభలో కూర్చుండబెట్టి, ఉచ్చారణలోను నడవడిలోను తప్పులు కనిపెట్టి వ్రాయుమని కోరెను. పేరుప్రతిష్ఠలు వచ్చిన తరువాత కూడ ఎదుట బల్లమీద ఒక అట్టముక్క పెట్టుకొనెడివాడు. దానిపై మెల్లగా అని మాత్రము వ్రాసియుండెను. ఉత్సాహమున అది చూడక వేగము హెచ్చినపుడు, పూర్వము సైన్యమున ఫిరంగిదళములో పనిచేసిన సహాయకుడు ఆండర్సన్ ఆ అట్టను తెచ్చి కండ్లయెదుట నిలుపవలెను. గంట ముగియవచ్చినదని తెలుపు అట్ట మరియొకటి. మనలో రెండుసార్లు సభలో మాటలాడినంతనే తమకింక ఒకరు చెప్పవలసినది లేదనుకొనువారిని చూచినపుడు నాకీ అట్టముక్క జ్ఞప్తికి వచ్చును.

పరిశోధనల మాట క్లుప్తముగా చెప్పి సాగుదును. 1821లో సారా బర్నార్డును వివాహమాడెను. ఆ యేడే విద్యుత్ప్రవాహముగల తీగ అయస్కాంతముచుట్టును తిరుగునట్లు చేసెను. 1824లో రాయల్ సొసైటీ సభ్యుడయ్యెను. గురువైన డేవీయే ఆ యెన్నికకు అడ్డుపడుట విచారకరము. 1825లో ప్రయోగశాలకు అధిపతియయ్యెను. 1831 ఆగస్టు 29న, ఇనుపకడియమునకు చుట్టిన రెండు తీగచుట్టలతో విద్యుత్ప్రేరణమును కనుగొనెను. ఇన్ని చేసినవానికి సంస్థ యిచ్చినదేమి? ఏటికి నూరు పౌండ్లు, వసతి, బొగ్గులు, కొవ్వొత్తులు. 1832 చివర సంస్థ ఖర్చులు తగ్గింపవలసివచ్చినపుడు విచారణసంఘము ఈ జీతమును మాత్రము ఇంక తగ్గింప వీలులేదని నిర్ణయించినది. జీతములో భాగముగా వచ్చిన కొవ్వొత్తులే తరువాత ఆయనచే అంత కీర్తి పొందుట చమత్కారము.

సంస్థ ఆర్థికస్థితి ఆనాడు బాగుగా లేదు. దానిని నిలువబెట్టుటలో ఫారడే నాలుక చేసిన సేవ గొప్పది. 1826 నుండి శుక్రవారము రాత్రులు సభ్యులకును వారి అతిథులకును ప్రసంగములు ఏర్పాటయ్యెను. వానిలో నూటికి పైగా ఫారడేయే చెప్పెను. 1825 నుండి క్రిస్మస్ సెలవులలో పిల్లలకు ఉపన్యాసములు మొదలయ్యెను. 1827 మొదలు 1860 వరకు పందొమ్మిది యేండ్లు వానిని నిర్వహించిన ఘనత ఆయనదే. ఆయనకు సంతానము లేదు. పిల్లల సభలనిన ఆయనకు గల మక్కువకు ఇది కొంత కారణము కావచ్చును. 1855లో ఆ సభకు రాణిగారి భర్త ఆల్బర్టు తన కుమారులను తోడ్కొనివచ్చెను. ఆ దృశ్యమును ఒక చిత్రకారుడు వర్ణచిత్రముగా వేసినాడు.

ఆయన పద్ధతిలో మొదటి నియమము, చెప్పినదానిని చూపుట. చేతిలోని రాయి విడిచినచో నేలబడునని చెప్పిన యెడల, ఎదుటివారికి తెలిసినదే యైనను, చేయి విడిచి రాయిని పడనిచ్చి చూపవలెననువాడు ఆయన. 1836లో పండ్రెండడుగుల పొడవు, అంతే వెడల్పు, ఎత్తును గల గది వంటి చట్రమును కట్టించి, దాని పైభాగమునకు లోహపు రేకును తీగలను చుట్టించి, యంత్రముచే విద్యుత్తు నెక్కించెను. వెలుపల నిప్పురవ్వలు ఎగురుచుండ తాను లోపల కూర్చుండి, అచట విద్యుత్తు జాడయే లేదని పరికరములతో పరీక్షించి చూచెను. నోటిమాటతో చెప్పిన యెడల ఎవరు నమ్ముదురు?

రెండవ నియమము కథ. మన హరిదాసునకు ఈ రహస్యము చిరకాలముగా తెలియును. వేదాంతము చెప్పవలసినపుడు అతడు ముందొక మనిషిని నిలబెట్టును. ఆ మనిషికి ఏమి జరుగునోయని జనము చూచుచుండగా వేదాంతము తనంతట వచ్చును. ఫారడే కల్పితములైన మనుష్యులను తేలేదు. వస్తువునే కథానాయకుని చేసెను. అది ఎచట పుట్టినది, ఎట్లు పెరిగినది, దానికేమి జరుగుచున్నది, పోయిన పిమ్మట ఏమగును అని అడుగుచు పోయెను. పిట్టకథలను చొప్పించి నవ్వించుట ఆయన మార్గము కాదు. దారితప్పు ఉపన్యాసకులను ఆబట్‌నకు వ్రాసిన జాబులలోనే ఆక్షేపించినాడు. విషయమే కథగా నడువవలెను.

కొవ్వొత్తిని ఆయన తొలుత 1848వ సంవత్సరపు సెలవులలో ఎత్తుకొనెను. తిరిగి 1860లో చెప్పెను. కథ పుట్టుకతో ఆరంభము. ఎద్దుల కొవ్వు, తిమింగిలము తలలోని మైనము, తేనెటీగల మైనము, ఐర్లండు బురదనేలలనుండి తీసిన పారఫిన్, జపాను దేశపు చెట్టుమైనము అన్నియు బల్లమీదికి వచ్చినవి. వానితోపాటు, 1782లో మునిగిపోయిన రాయల్ జార్జి అను యుద్ధనౌకనుండి పైకి తీసిన కొవ్వొత్తి ఒకటి. ఏండ్లతరబడి ఉప్పునీట నాని, పగిలి, ముక్కలైనను వెలిగించినంతనే అది చక్కగా మండెను. ఇది చూచిన పిల్లవాడు ఇంటికి పోయి మరచునా?

తరువాత ఆయన అడిగిన ప్రశ్న పసివాడడుగునట్టిదే. మంట వత్తికొనయం దున్నది, మైనము క్రిందనున్నది, క్రిందిది పైకెట్లు ఎక్కుచున్నది? దానికంటె ముందు ఇంకొకటి గమనింపుమనెను. వత్తిచుట్టును మైనము కరిగి చిన్న గిన్నె ఏర్పడును. వేడిచే పైకి లేచు గాలి ప్రక్కలనుండి చల్లగా తగులుచు గిన్నె అంచును కరుగనీయదు. నడుమ మాత్రము కరుగును. గిన్నెకట్టుట ఆ గాలిపని. చెక్కడపు పనిగల అందమైన కొవ్వొత్తులలో ఈ అంచు సమముగా నిలువదు, మైనము కారిపోవును. చూపునకు సొంపైనది పనికి సొంపైనది కాకపోవచ్చునని ఆయన అందే తేల్చెను. ఇక కరిగినది వత్తిలోనికి ఎక్కుటకు నిదర్శనముగా పళ్లెములో ఉప్పుముద్దను స్తంభమువలె నిలిపి, నీలిరంగుగల ఉప్పునీరు పోసెను. ఆ నీలిమ క్రమముగా స్తంభముమీదికి ప్రాకెను. తువాలు కొస నీటిలో పడియున్నచో నీరు దానివెంట ఎక్కి బయటికి కారుట వారందరు చూచినదే యని గుర్తుచేసెను.

మంట నార్పిన క్షణమున లేచు పొగతీగకు రెండు మూడు అంగుళముల దూరమున నిప్పు చూపగా, ఆ నిప్పు పొగవెంట పరుగెత్తి వత్తిని తిరిగి ముట్టించెను. మండునది మైనపు ఆవిరియని దీనితో తెలిసెను. వంకరగొట్టముతో మంటనడుమనుండి ఆ ఆవిరిని బయటికి తీసి, గొట్టపు కొనయందు వేరుగా మండించెను. విద్యుద్దీపపు కాంతిని మంటమీద వేసి దాని నీడను తెరమీద పట్టగా, మంటలో ఎక్కువ వెలుగు నిచ్చు భాగమే ఎక్కువ నల్లని నీడ నిచ్చెను. ఇది ఎట్లు? ఆ భాగమున మసిరేణువు లున్నవి. అవి కణకణలాడుటచేతనే మనకు వెలుగు. వెలుగునకు మూలము మసియే. ఈ మలుపులో కథకుని నేర్పు చూడుడు. ముందు ఆశ్చర్యమును నిలిపెను. కారణమును తరువాత తెచ్చెను.

మంచును ఉప్పును నింపిన పాత్రను మంటపై పట్టగా దాని అడుగున నీటిబొట్టు వ్రేలాడెను. నిప్పునుండి నీరు! ఆ నీటిమీద పొటాసియము ముక్క వేయగా అది భగ్గున మండెను. అచటినుండి ఉదజని, ఆమ్లజని, గాలి వచ్చినవి. నిజము చెప్పవలెనన్న, ఈ నడిమి ఉపన్యాసములలో కొవ్వొత్తి కొంత మరుగుపడి, రసాయనశాస్త్రపు తరగతి పైకి వచ్చుచున్నదని చదువునపుడు నాకు తోచినది. ప్రయోగములు ఒకదానిమీదొకటి వచ్చిపడును. కథ ఊపిరి తీసికొనదు. కాని ఆరవనాడు ఆయన తెగిన తీగను మరల పట్టుకొనెను. కొవ్వొత్తి మండగా వచ్చు బొగ్గుపులుసు వాయువు సున్నపుతేటను తెల్లగా చేయునని ముందే చూపియుండెను. ఇపుడు తన నోటి ఊపిరిని సున్నపుతేటలోనికి ఊదెను. అదియు తెల్లనయ్యెను. మన దేహములోను మెల్లని దహనము జరుగుచున్నది. మనము తినునది మైనము, పీల్చునది అదే గాలి. మన మూదిన వాయువును చెట్లు గ్రహించి, కర్బనమును నిలుపుకొని, మనకు కావలసిన గాలిని తిరిగి యిచ్చును. ఆరుదినములు ఎవరి కథ వింటిమో ఆ కథానాయకుడు మనమే యని పిల్లలకు అపుడు తెలిసెను.

ఈ కథకు గల బలమును ఆ కాలపు మహాకథకుడే గుర్తించెను. 1850లో చార్లెసు డికెన్సు తన పత్రికకై ఫారడే ఉపన్యాసపు వ్రాతలను అడిగి తెప్పించుకొనెను. ఉపన్యాసము విని యింటికి వచ్చిన కుర్రవాడొకడు తన మామకు కొవ్వొత్తి సంగతులు బోధించునట్లు ఆ పత్రికలో కథ వెలువడినది. శాస్త్రజ్ఞుడు కథనుండి పుచ్చుకొన్నది తిరిగి కథకే చేరినది. 1860నాటి ఆరు ఉపన్యాసములను విలియం క్రూక్సు చెప్పినవి చెప్పినట్లు వ్రాయించి 1861లో పుస్తకముగా వెలువరించెను. అది నేటికిని అచ్చగుచున్నది.

కథ పేరిట సత్యమును వంచువారున్నారు. శ్రోత ముఖము వికసించుటకై ఉన్నదానికి రంగులు పూయుట సులభము. ఫారడే విషయమున ఆ అపవాదు రాలేదు. ఆయన చెప్పిన ప్రతి మలుపునకు బల్లమీద సాక్ష్య ముండెను. గణితము తనకు రాదని దాచుకొనలేదు. ఆయన మనస్సులో మెదలిన బలరేఖలను గణితముగా మలచుటకు మాక్స్‌వెల్ రావలసివచ్చెను. ఆ రేఖలను ఆయన ఇనుపరజను చల్లి కంటికి చూపెను. సమీకరణములు వ్రాయలేనివాని భాష అది. కంటికి కనబడునట్లు తలచుకొనుట అలవాటైనవానికి కంటికి కనబడునట్లు చెప్పుటయు అలవడినదేమో.

కొవ్వొత్తిని రెండవసారి చెప్పునాటికి ఆయన లోలోపల ఒక బాధ ననుభవించుచుండెను. 1840 ప్రాంతమున అతిశ్రమచే ఆరోగ్యము చెడి కొన్నియేండ్లు పని మానవలసివచ్చినది. నాటినుండి జ్ఞాపకశక్తి క్రమముగా సడలుచుండెను. తానే చేసిన ప్రయోగములు మరచి మరల చేయబోవుట, మిత్రులకు వ్రాయు జాబులలో మాట దొరకక ఆగిపోవుట మామూలయ్యెను. అట్టి స్థితిలో నుండియే ఆరు ఉపన్యాసములను, అన్ని ప్రయోగములను, పిల్లలయెదుట తడబడక నడిపెనన్న నమ్ముట కష్టము. కథగా అమర్చినదానికి ఒక వరుస యుండును. ఒక మెట్టు తరువాతి మెట్టును తానే చూపును. శ్రోతలకై కట్టిన ఆ త్రోవ ముసలితనమున ఉపన్యాసకునికే చేతికఱ్ఱగా నిలిచినదని నా యూహ.

1861 అక్టోబరులో, డెబ్బదేండ్లు నిండిన కొద్దిదినములకు, పిల్లల ఉపన్యాసములు ఇక తనవలన కావని సంస్థవారికి తెలిపెను. ఆ డిసెంబరులో ఆయన స్నేహితుడు జాన్ టిండాల్ ఆ బల్లవెనుక నిలిచి పిల్లలకు వెలుగును గూర్చి చెప్పెను. 1862 మార్చిలో ప్రయోగశాలలో ఆయన చివరిప్రయోగము జరిగినది: మంటయొక్క వెలుగును అయస్కాంతము మార్చగలదా యని చూచెను. మార్పేదియు కనబడలేదు. ముప్పదినాలుగేండ్లకు, 1896లో, జీమన్ అను డచ్చిపండితుడు బలమైన అయస్కాంతమును, మెరుగైన సాధనములను గైకొని ఆ మార్పును చూడగలిగెను.

ఆ యేడే జూన్ 20, శుక్రవారము రాత్రి ఆయన కడపటిసారి వేదిక యెక్కెను. విషయము గాజు కరగించు వాయుకొలిమి. కమ్మరి కొడుకు మరల కొలిమిని గూర్చి చెప్పుచుండెను. ఉపన్యాసము నడుమ, జ్ఞాపకముంచుకొనుటకై వ్రాసికొన్న కాగితములు పొరపాటున కాలెను. ఆయన కొంత తబ్బిబ్బుపడెను. పిమ్మట సభవారితో దాచక, తన జ్ఞాపకము తప్పుచున్నదని, అందుచే వారినుండి సెలవు తీసికొనవలసియున్నదని చెప్పి దిగెను. సభవారు ఆయనను అంతకు ముందెన్నడును అట్లు చూడలేదు.

రాణి యిచ్చిన హాంప్టన్ కోర్టు గృహములో మరి యైదేండ్లు జీవించెను. సారా వెంటనే యుండెను. 1867 ఆగస్టు 25వ తేదీన తన గదిలో కుర్చీయందు కూర్చుండియే కన్నుమూసెను. హైగేట్ శ్మశానమున ఒక సాదారాతిపై పేరును, తేదీలను మాత్రము చెక్కిరి.